మంచు ముందా, దుమ్ము ముందా

మా అక్క పెళ్ళయి నెల తిరక్కుండా నేను మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. చెయ్యి కడుక్కుని కూర్చున్నానో లేదో, మా బావ నా పళ్ళెం సంగతి వదిలేసి నా మొహంలోకి చూశాడు.

"నెపోలియన్ కాలంలో అందరికన్నా గొప్ప సేనాని ఎవరంటావు?"

నాకు తెలిసింది ఒక్కటే పేరు. "నెపోలియన్" అన్నాను.

పిల్లనిచ్చిన ఇంట్లో ఇంత అమాయకుడున్నాడని ఎవరూ చెప్పలేదే అన్నట్టు చూశాడు. "అతను యజమానోయ్. దుకాణం అతనిది. నేనడిగేది పనివాళ్ళ గురించి."

వెనక గదిలోంచి అక్క, "వాణ్ణి తిననివ్వండి. మొదటిరోజు నన్నూ ఇదే అడిగారు" అంది.

"నువ్వేం చెప్పావే?"

"నాకెవరి పేరు తెలుసురా? 'మీరే' అన్నాను."

ఆ జవాబుకి బావ ఎన్ని మార్కులు వేశాడో మాకు చివరిదాకా తెలియలేదు.

మా బావ పుస్తకాలు బైండు చేసేవాడు. ఇంటి ముందుగదే దుకాణం. అందులో సగం మేర పొడుగాటి బల్ల, దాని మీద కుట్టు చట్రం, మూలన చక్రం తిప్పితే కత్తి దిగే కటింగ్ మిషను, కిటికీ కింద మరతో బిగించే ఇనప ప్రెస్సు. వెనక గదిలో స్టవ్వు. దాని మీద పొద్దున్న టీ కాగేది, తర్వాత మైదా జిగురు ఉడికేది. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. అందుకని అక్క జిగురు గిన్నె చెవికి ఎర్ర గుడ్డపీలిక కట్టింది. "నెపోలియన్ రష్యాలో ఉన్నంతసేపూ మీ బావ ఏ గిన్నెలో ఏం కలుపుతారో చెప్పలేం" అనేది.

కోతా, అట్టా, జిగురూ బావవి. మడతా, కుట్టూ అక్కవి. నేను ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సాయంత్రం పని అయ్యాక వాళ్ళ దుకాణంలో ఓ గంట కూర్చోవడం అలవాటైంది. తప్పులు వెతికి బతికేవాడికి, విడిపోయినవాటిని కలిపి కుట్టేవాళ్ళ దగ్గర కాస్త ప్రాణానికి హాయిగా ఉండేది.

బైండుకి వచ్చేవి మాత్రం ఆఫీసు రిజిస్టర్లు, ఆస్పత్రి రికార్డులు, స్కూలు హాజరుపట్టీలు. "ఎవరూ తెరవని పుస్తకానికి ఎప్పటికీ ఊడని అట్ట. అదోయ్ నా వృత్తి" అని నవ్వేవాడు బావ. నవ్వేవాడే గాని, జనం చదివే పుస్తకాలు చేతినిండా బైండు చెయ్యాలని ఆయనకి ఎంత ఉండేదో మా ఇద్దరికీ తెలుసు.

చదివే పుస్తకం ఆయన చేతికి సరిగ్గా ఒక్కటే వచ్చింది. అదీ ఇరవైరెండేళ్ళ వయసులో, ఇంకా ఒక ముసలి బైండరు దగ్గర పని నేర్చుకుంటున్నప్పుడు. రీడింగ్ రూమ్ వాళ్ళు ఒక గోనెసంచి పంపారు. అందులో కుట్టు తెగి, చెదలు తిని, చెమ్మ పట్టిన ఒక లావుపాటి చరిత్ర. పేరున్న పేజీ ఎప్పుడో పోయింది. నెపోలియన్ కాలపు సైన్యాల గురించి, ఒక్కో సేనానికి ఒక్కో అధ్యాయం. గురువు ఊళ్ళో లేడు. శిష్యుడికి ఉత్సాహం ఎక్కువ. చెదలు తిన్న అంచులు, కుట్టుండే వైపు వదిలి మిగతా మూడువైపులా కోసి శుభ్రం చేశాడు. ఆ కోతలో పైన అచ్చువేసిన సంవత్సరాలూ, కింద ఉన్న పేజీ నంబర్లూ కూడా శుభ్రమైపోయాయి. సరే, చెమ్మ ఆరాలని ఫారాలన్నీ బల్ల మీద పరిచాడు. ఫారం అంటే పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పదహారు పేజీల కట్ట. త్వరగా ఆరాలని ఫ్యాను కూడా వేశాడు.

గాలికి యూరప్ యుద్ధాలన్నీ గదినిండా ఎగిరాయి.

నంబర్లు లేవు. చదివితే తప్ప పేర్చే దారి లేదు. పదకొండు రోజులు నేల మీద బోర్లా పడుకుని, ఏ వాక్యం తోక ఏ వాక్యం తలకి అతుకుతుందో చూసుకుంటూ మొత్తం చదివాడు. "పుస్తకం బాగుపడింది, మనిషి చెడిపోయాడు" అనేది అక్క.

అలా దొరికాడు మా బావకి నెపోలియన్ సేనాని, మార్షల్ 'నే'. పీపాలు చేసేవాడి కొడుకు, ఎర్రజుట్టు. మా బావ ఆయన్ని పేరుతో పిలిచింది తక్కువ, 'ఎర్రజుట్టాయన' అనే అనేవాడు. మాస్కో నుంచి తిరుగుదారిలో, ఆ మంచులో, సైన్యం వెనక కాపు కాసింది ఈయనే. శత్రువు చుట్టుముట్టి లొంగిపొమ్మంటే కాదని, సగం గడ్డకట్టిన నది మీద పల్చటి మంచుపలక తొక్కుకుంటూ మనుషుల్ని అవతలికి చేర్చాడు. చివరికి వంతెన దాటి ఆ దేశం వదిలిన ఆఖరి సైనికుడు ఆయనేనని చెప్తారు. ఇదే మనిషి డెనెవిట్స్ అనే చోట ఒక సైన్యం మొత్తానికి నాయకుడై, మొత్తం చూసుకోవడం మానేసి కత్తి దూసి తానే గుంపులోకి దూకాడు. దుమ్ములో ఏ మూల ఏం జరుగుతోందో కనపడక, ఒక దళాన్ని ఉండాల్సిన వైపు నుంచి ఇంకో వైపుకి లాగి, ప్రష్యా వాళ్ళ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు.

బావ పుస్తకంలో ముందు దుమ్ము, తర్వాత మంచు. ఆదివారాల వాదనల్లో ఆయన బ్రహ్మాస్త్రం అదే.

ఆదివారం పొద్దున్న పదింటికి దుకాణంలో సభ. ప్రత్యర్థి భూగోళం మేష్టారు. స్కూల్లో పాఠాలు చెబుతూనే రీడింగ్ రూమ్‌కి కార్యదర్శి అయ్యారు. ఆయన పక్షం ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్. పక్క సెలూన్ ఆయన రష్యా వైపు, అదీ ఒకే ఒక్క కారణం మీద.

"చలికాలంలో నా సెలూన్‌కే ఎవడూ రాడు. ఆ నెపోలియన్‌ని మాస్కో ఎవడు వెళ్ళమన్నాడండీ?"

"ఇంగ్లీషువాడి గొప్పేమిటో తెలుసుటయ్యా?" అనేవారు మేష్టారు, అట్టముక్కని గుట్టలా వంచి బల్ల మీద పెట్టి. "నేల తెలుసు వాడికి. మనుషుల్ని గుట్ట మీద నిలబెట్టడు, గుట్ట వెనక పడుకోబెడతాడు. మీ ఫ్రెంచివాళ్ళ ఫిరంగి గుళ్ళు నెత్తిమీంచి పోతాయి. మీవాళ్ళు పొడుగ్గా బారుకట్టి ఎక్కి వచ్చేసరికి లేస్తారు. రెండే వరసలు, అందరి తుపాకులూ ఒకేసారి."

"దాక్కోవడం కూడా ఒక గొప్పేనా మేష్టారూ? మా ఆవిడ అప్పులవాడొస్తే నన్ను దాచేది, ఆమెని మార్షల్ని చేద్దామా?" అనేవాడు సెలూన్ ఆయన.

"ఇంకోటి. వాడి సైన్యం కొనుక్కుని తినేది. మీవాళ్ళు ఊళ్ళ మీద పడి దోచుకుని తినేవాళ్ళు."

ఫారం మడుస్తూనే అక్క తలెత్తేది. "అయితే నా ఓటు మేష్టారికే. వండేవాళ్ళకి డబ్బిచ్చిన సైన్యం ఏదో అదే మంచి సైన్యం."

అంతా తనమీద పడ్డాక బావ లేచి నిలబడేవాడు. కుడిచేతిలో మడతలు నొక్కే ఎముక చెక్క. "ఒప్పుకుంటున్నా. మీవాడు తప్పు చెయ్యడు. తప్పే చెయ్యనివాడు గొప్పవాడెలా అవుతాడండీ? వాడికి అవసరమే రాలేదు. మావాడు దుమ్ములో తప్పిపోయాడు. పేరు పోయింది, సైన్యం పోయింది. ఆ తర్వాత మంచులో దొరికాడు. తప్పు చేసినవాడు లేచి నిలబడి పదిమందిని ఒడ్డుకి చేర్చాడు. దీన్ని మించిన సేనాపతిని చూపించండి."

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఊఁ" అనేవారు. అంతే. ఆ "ఊఁ" మా బావకి వారమంతా సరిపోయేది. ఒక్క వాటర్లూ మాట ఎత్తితే మాత్రం, అక్కడ ఎర్రజుట్టాయన గుర్రాలన్నిటినీ తీసుకెళ్ళి గోడలాంటి పదాతిదళం మీద కొట్టి పోగొట్టుకున్న సంగతి ఎత్తితే మాత్రం, బావ ముక్కు ఎగబీల్చేవాడు. "ఉండండి, జిగురు అడుగంటుతోంది" అని వెనక గదిలోకి వెళ్ళిపోయేవాడు. సరిగ్గా జిగురు కలియబెట్టేంత సేపుండి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కొత్త విషయం మొదలుపెట్టేవాడు.

ఇరవైనాలుగేళ్ళు ఇలా గడిచాయి. బావకి యాభైరెండు వచ్చాయి.

ఆ ఏడు రీడింగ్ రూమ్ పైకప్పు బాగుచేశారు. వాన నీళ్ళకి పాడైన పాత పుస్తకాలు ఆరువందల పైచిలుకు తేలాయి. అన్నీ ఒకే చేతి మీద బైండు చేయించాలని కమిటీ అనుకుంది. ఒక పెద్ద ప్రెస్సువాళ్ళు పోటీకి వచ్చారు. వాళ్ళు కుట్టరు, పుస్తకం వీపు, అంటే ఫారాల మడతలు కలిసే వైపు, కోసేసి మిషను మీద జిగురుతో అంటిస్తారు. మందుల షాపాయన కమిటీలో ముఖ్యుడు, ఆయనకి మిషనంటే గురి. మేష్టారు మా బావతో, "నువ్వో నమూనా చేసి తీసుకురా. ఆదివారం కమిటీ చూస్తుంది" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ ఒక్క యుద్ధం గురించీ మాట్లాడలేదు. "ఆరువందలు" అన్నాడు ఒకసారి. కాసేపాగి, "అన్నీ చదివేవే" అన్నాడు.

నమూనాకి ఏ పుస్తకమో వేరే చెప్పాలా? అది పేరుకి రీడింగ్ రూమ్‌దే గాని కాపురం మా బావ ఇంట్లోనే. ఏళ్ళ తరబడి తెరిచి మూసి, తెరిచి మూసి వీపు విరిగింది. దాన్ని విప్పి తిరిగి కుట్టి, తోలు వీపు వేసి పట్టుకెళ్ళాలని ఆయన ఊహ.

గురువారం సాయంత్రం నేను వెళ్ళేసరికి అట్టలు ఊడదీసి, వీపు మీద పాత జిగురు నానడానికి తడి పిండి పట్టించి ఉంచాడు. నానిన జిగురుని మొద్దు కత్తితో గీస్తూ, నాకు ఎర్రజుట్టాయన వంతెన కథ చెప్తున్నాడు. చెప్తూ చెప్తూ ఆగిపోయాడు.

"బావమరిదీ, ఇలా రా."

ఫారాల వీపుల మీద, మడత దగ్గర, చిన్న చిన్న నల్లగీతలు. బైండరుకి వరస తెలియడానికి ప్రెస్సువాళ్ళు వేసే గుర్తులవి. మొదటి ఫారానికి పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. అన్నీ సరిగ్గా పేరిస్తే వీపు మీద మెట్లు దిగినట్టుండాలి. ఈ వీపు మీద మెట్లు చక్కగా దిగుతూ వచ్చి, నడుమ ఒకచోట హఠాత్తుగా కిందికి దూకి, వెంటనే పైకెక్కి, మళ్ళీ దిగుతున్నాయి.

"అప్పట్లో ఇవి సిరా మరకలనుకున్నాను" అన్నాడు బావ.

ఆ రెండు ఫారాలూ లాగి చూశాడు. చూడకుండానే తెలుసు ఆయనకి. ఒకటి దుమ్ము, ఒకటి మంచు. మార్చి పెడితే మెట్లు కుదిరాయి. ముందు మంచు, తర్వాత దుమ్ము.

స్టూలు మీద కూలబడ్డాడు.

నాకు నోరు ఊరుకోదు. "అయితే బావా, మంచులో దొరికినవాడు దుమ్ములో తప్పిపోయాడన్నమాట."

"నువ్వు ప్రూఫులు దిద్దేవాడివిరా. నీకు సంతోషంగానే ఉంటుంది."

"మరి అప్పుడెలా పేర్చావు?"

"రెండూ అతికాయి." చాలాసేపు ఎముక చెక్కని అరచేతిలో తిప్పాడు. "ఒక్కో ఫారం ఒక్కో ఘట్టం. ఏది ముందు పెట్టినా వాక్యం తెగదు. పుస్తకం నాశనం చేశానని పదకొండు రోజులు ఏడుస్తూ ఉన్నాను. తప్పు చేసినవాడు చివరికి నిలబడితే బాగుంటుందనిపించింది. అలా కుట్టేశాను."

అక్క చేతిలో సూది పట్టుకుని వెనకే నిలబడి వింటోంది. మేమిద్దరం చూసుకోలేదు.

"ఇప్పుడేం చేస్తావు బావా?" అన్నాను.

ఆయన సమస్య నాకూ అర్థమైంది. పాత వరసలో కుట్టి తోలు వేస్తే ఆదివారం పని ఆయనదే, వాదనా ఆయనదే. వీపు మూసుకుంటే గీతలు ఎవరికీ కనపడవు. సరైన వరసలో కుడితే, మార్చానని చెప్పాలి. చెబితే, రీడింగ్ రూమ్ వాళ్ళు ఇచ్చిన ఏకైక పుస్తకాన్ని తప్పుగా కుట్టిన బైండరుకి ఆరువందల పుస్తకాలు ఎవరిస్తారు?

"ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు బావ, ఎవరితోనో.

"ఎవరూ చూడరు" అంది అక్క. "కానీ కుట్టేది నేను. అప్పుడు మీరు తెలియక కుట్టారు. తెలిసి తప్పు కుట్టమంటే నా సూది నడవదు. మీరే కుట్టుకోండి."

సూదిని ఆయన ముందు బల్ల మీద గుచ్చి వెళ్ళిపోయింది.

శుక్రవారమంతా బావ ఆ సూదిని కదపలేదు. కటింగ్ మిషనుకి నూనె పెట్టాడు. బ్రష్షులు కడిగాడు. కడిగిన బ్రష్షులు మళ్ళీ కడిగాడు. శనివారం ఇనప ప్రెస్సుకి రంగు వేస్తూ కనిపించాడు. ఎవరైనా వస్తే, "ఖాళీ లేదు" అన్నాడు.

ఆదివారం పదింటికి తెల్లగుడ్డలో మూటకట్టిన ఫారాలు నా చేతికిచ్చి, "పద" అన్నాడు. కుట్టలేదు. అట్ట లేదు.

రీడింగ్ రూమ్‌లో పెద్దబల్లకి అటువైపు మేష్టారు, మందుల షాపాయన, ఇంకో ఇద్దరు. సెలూన్ ఆయన తలుపు దగ్గర బెంచీ మీద సభ్యుడిలాగే కూర్చున్నాడు. పెద్ద ప్రెస్సువాళ్ళ నమూనా బల్ల మీద నిగనిగలాడుతోంది.

బావ మూట విప్పాడు. పేర్చిన ఫారాలని నిలబెట్టి వీపు వాళ్ళకేసి తిప్పాడు. నల్లమెట్లు పైనుంచి కిందికి చక్కగా దిగాయి.

"ఇదండీ సరైన వరస. ఇదేమో," అంటూ ఆ రెండు ఫారాలూ మార్చాడు, మెట్లు విరిగాయి, "నేను కుట్టిన వరస. ముప్ఫయ్యేళ్ళు మీ పుస్తకం తప్పుగా ఉంది. పేజీ నంబర్లు చెదలు తిన్నాయని అప్పట్లో చెప్పాను. చెదలు కొన్నే తిన్నాయి. మిగతావి నేనే కోశాను."

ముందు తేరుకున్నది సెలూన్ ఆయన.

"అంటే ఇన్నేళ్ళూ మమ్మల్ని ఓడించింది ఎర్రజుట్టాయన కాదన్నమాట. నీ సూది!"

"నువ్వు జుట్టు కత్తిరించేటప్పుడు చెవి కోశావని నేనేమైనా అంటున్నానా?" అన్నాడు బావ, ఏ మాటకి ఏ జవాబో తెలియకుండా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మందుల షాపాయన అడగాల్సింది అడిగారు. "మరి ఈ ఆరువందల్లో ఎన్ని ఇలా కుడతారు?"

"ఇరవైరెండేళ్ళ కుర్రాడికిస్తే చాలానే కుడతాడు. నాకిస్తే ప్రతి వీపూ గీసి, గుర్తు చూసి, నంబరు చూసి పేరుస్తాను. ఆ తర్వాత మా బావమరిది చదువుతాడు. తప్పులు పట్టడం తప్ప వాడికింకో పని రాదు." ఆగి, పెద్ద ప్రెస్సువాళ్ళ నమూనా అందుకుని, మధ్యకి తెరిచి చూపించాడు. "వీళ్ళు తప్పు కుట్టరు. నిజమే. అసలు కుట్టరు. కానీ వీపు కోసేశాక వరస తప్పినా మళ్ళీ సరిచేసే వీల్లేదు. కుట్టినదైతే విప్పొచ్చు. ఈ పుస్తకం ముప్ఫయ్యేళ్ళ తర్వాత సరైందంటే, కుట్టబట్టి సరైంది."

ఆ వాదన ఆయన ముందే ఆలోచించుకుని రాలేదు. నోట్లోంచి వచ్చాక ఆయనే ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

అప్పుడు మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు తెలుసోయ్."

"ఏమిటి తెలుసు?"

"ఆ రెండు ఘట్టాలూ తారుమారని. కార్యదర్శినైన కొత్తలో ఒక వారం ఆ పుస్తకం తీసుకున్నాను. తారీఖులు నాకు తెలుసు కదా. మాస్కో ముందు ఏడు, డెనెవిట్స్ మరుసటి ఏడు."

మా బావ అంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పని పోతుందన్న భయం ఎక్కడికి పోయిందో! ఫారాలు బల్ల మీద పడేశాడు.

"అయితే ఇరవైనాలుగేళ్ళూ నామీద జాలిపడి ఓడిపోయారా మీరు? ప్రతి ఆదివారం 'ఊఁ' అని కళ్ళజోడు తుడుచుకున్నది ఇందుకా?"

"జాలి కాదయ్యా. నీ దుకాణంలో, నీ గిరాకీల ముందు నీ కుట్టుని తప్పుపట్టి గెలవాలా? అది వాదన గెలవడం కాదు."

"మరి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పొచ్చుగా!"

మేష్టారు తలవంచుకున్నారు. "నీ వరసే బాగుందనిపించింది. అసలు వరసకంటే."

ఆ మాటతో మా బావ గాలి తీసిన బంతయ్యాడు. కుర్చీ లాక్కుని, ఎవరూ కూర్చోమనకుండానే, కమిటీతోపాటు కూర్చున్నాడు.

"తప్పు చేసి లేచినవాళ్ళే కావాలంటే," అన్నారు మేష్టారు మెల్లిగా, "ఆ పుస్తకంలోనే ఉన్నారు, ఇంకో అధ్యాయంలో. ప్రష్యా వాళ్ళు. ఒక్కరోజులో రెండు యుద్ధాలు ఓడి దేశమే పోగొట్టుకున్నారు. ఏడేళ్ళలో సైన్యాన్ని కొత్తగా కట్టుకుని వచ్చారు. డెనెవిట్స్‌లో మీవాణ్ణి ఓడించింది వాళ్ళే. నీ వాదనకి మనిషి తప్పు, అంతే."

"నేను పార్టీ మారను" అన్నాడు బావ.

కమిటీ ఆ రోజు తేల్చలేదు. ముందు ఇరవై పుస్తకాలు ఇచ్చి చూద్దామన్నారు మందుల షాపాయన. ఇరవయ్యీ అయ్యాక, ఆయనే ఒక్కొక్కటీ మందు సీసా మీద చీటీ చూసినట్టు చూసి, మరో యాభై పంపారు. అలా పదకొండేళ్ళు నడిచింది. బావ వీపు గీసేవాడు, అక్క కుట్టేది, నేను చదివేవాణ్ణి. నా జీవితంలో అన్ని మంచి పుస్తకాలు నేనెన్నడూ చదవలేదు. తప్పులు వెతకడానికే చదివాననుకోండి.

ఆ లావుపాటి చరిత్రని అక్కే కుట్టింది, సరైన వరసలో. బావ తోలు వీపు వేశాడు. మేష్టారితో ఒక్కటే షరతు పెట్టాడు: ఇక మీద జాలి వద్దు. మేష్టారు మాట నిలబెట్టుకున్నారు. మా బావ వరసగా తొమ్మిది ఆదివారాలు ఓడిపోయాడు. ఓడినకొద్దీ మనిషి నిగనిగలాడాడు. పదో ఆదివారం మళ్ళీ ఎముక చెక్క పట్టుకుని లేచాడు.

"సరే, ముందే నిలబడ్డాడు, తర్వాతే తప్పిపోయాడు. అయినా మరుసటి రోజు మళ్ళీ గుర్రం ఎక్కాడా లేదా? ఓడిపోతానని తెలిసి కూడా ఎక్కినవాడు, గెలుస్తానని తెలిసి గుట్టవెనక పడుకున్నవాడు, ఎవరండీ గొప్ప?"

మేష్టారు "ఊఁ" అన్నారు. బావ అనుమానంగా ఆయన కళ్ళజోడు కేసి చూశాడు. మేష్టారు చేతులు జేబులో పెట్టుకున్నారు.

మా బావ పోయి ఇప్పటికి రెండు నెలలు. ఒక మంగళవారం పొద్దున్న ప్రెస్సు బిగిస్తూ బల్లమీదికి ఒరిగిపోయాడు. ఆరువందల్లో ఏడు పుస్తకాలు మిగిలాయి. వాటి వీపులు గీసి, మెట్లు సరిచూసి, దారంతో కట్టి పెట్టి ఉన్నాయి.

పన్నెండు రోజుల తర్వాత వచ్చిన ఆదివారం, పదింటికి మేష్టారు వచ్చారు. సెలూన్ ఆయన వచ్చాడు. తమ స్టూళ్ళ మీద కూర్చున్నారు. బల్ల మీద ఎముక చెక్క పెట్టినచోటే ఉంది. చివరికి మేష్టారే నావైపు తిరిగి, "ఏమయ్యా, వెల్లింగ్టన్‌ని మించినవాడు లేడంటాను. కాదను" అన్నారు.

నేను ప్రయత్నించాను. నాకు చేతకాలేదు. ఉన్న తప్పు చూపించగలను గాని, తప్పు చేసినవాడి పక్షాన నిలబడి మాట్లాడటం నాకెప్పుడూ రాలేదు.

మిగిలిన ఏడింటిలో మొదటిదాన్ని చట్రం మీద పెట్టి కుడుతోంది అక్క. సూది ఆపకుండానే, "గుట్ట వెనక పడుకునేవాడి సంగతి నాకు చెప్పకండి మేష్టారు గారూ" అంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. పీపాలవాడి కొడుకు, లొంగిపొమ్మన్నవాళ్ళకి ఇచ్చిన జవాబు, పల్చటి మంచుపలక, వంతెన. దుమ్ము కూడా దాచలేదు. ఇన్నేళ్ళూ ఫారాలు మడుస్తోందనుకున్నాం. ఒక్క మాట పోనివ్వలేదు.

మేష్టారు కాసేపు విన్నారు. జాలిపడనని మాటిచ్చిన మనిషి కదా. ముందుకు వంగి, "అంతా బాగుందమ్మా. మరి వాటర్లూ మాటేమిటి?" అన్నారు.

అక్క సూది దారంతోసహా ఫారానికి గుచ్చి లేచింది.

"ఉండండి, జిగురు అడుగంటుతోంది."

వెనక గదిలోకి వెళ్ళింది. నేను కూర్చున్నచోటి నుంచి స్టవ్వు కనపడుతుంది. అది వెలగడంలేదు. ఎర్ర పీలిక కట్టిన గిన్నె కడిగి గోడవారగా బోర్లించి ఉంది. అక్క దాని ముందు నిలబడి, సరిగ్గా జిగురు కలియబెట్టేంత సేపుండి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"ఆఁ, ఏమన్నారు? కొనుక్కుని తినే సైన్యం గురించి కదూ?" అంది, సూది అందుకుంటూ.